తోమిన తుపాకి

గ్లాసు దగ్గర మొదలైంది ఆ బుధవారం జగడం. టీ తాగిన గ్లాసును గంగాధర్ కొళాయి కింద ఒక్కసారి తిప్పి, తోమిన గ్లాసుల పక్కన బోర్లించాడు. వెంకటేశ్వరి కంట పడనే పడింది.

"దానికి సబ్బు తగల్లేదు."

"నీళ్లు తగిల్నాయి గదా. తాగింది టీనే గదా మే, ఆముదమా?"

"అంచుకు నీ మీసం ఆని ఉంటాది. తోమిన వాటిల్లో కలిపినావు. ఇప్పుడు నాలుగూ మళ్లా తోమల్ల నేను."

"నాలుగు గ్లాసులకు నలభై మాటలు! నీ చేతికిస్తే గుండ్రాయి గూడా అరిగి గోలీ అయిపోతాది."

ఆమె నాలుగు గ్లాసులూ తీసి తొట్టిలో వేసింది. అతను తల కొట్టుకుని చొక్కా తొడుక్కున్నాడు.

అరబ్బు దేశంలో సల్వా అనే పేటలోని ఇంటి వెనకవైపు, కార్ల షెడ్డును ఆనుకుని ఉన్న గది అది. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆ మొగుడూపెళ్లాలకు పదకొండేళ్లుగా అదే ఇల్లు. అతను ఆ ఇంటి డ్రైవరు. ఆమెది వంటింటి పని. ఇద్దరి ఇఖామాలూ, ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, ఒకే కఫీల్ పేరు మీద, అంటే పూచీ పడిన యజమాని పేరు మీద. ఆ పేరు మొన్న చలికాలం దాకా పెద్దాయనది. ఆయన్ని అందరూ బాబా అనేవారు. ఆయన పోయాక అది కొడుకు ఫైసల్‌ది అయింది.

బయట మూడు రోజులుగా దుమ్ము లేస్తోంది. సూర్యుడు ఉన్నాడో లేడో తెలియదు, పసుపు నీళ్లు చల్లినట్టు వెలుతురు. కిటికీ సందులకు తడిగుడ్డలు కుక్కినా గచ్చు మీద కాలు పెడితే గరగరమంటోంది.

గంగాధర్ ఫోను మోగింది. ఫైసల్. దివానియాలోకి, అంటే అతిథులు కూర్చునే హాల్లోకి, ఒకాయనకు గహ్వా కాఫీ పంపమన్నాడు. గోడ మీది అద్దాల పెట్టె దించడానికి గంగాధర్‌ని రమ్మన్నాడు.

ఏ పెట్టె అని అడగాల్సిన పని లేదు. దివానియా గోడ మీద ఉన్నది ఒకటే పెట్టె. అందులో ఉన్నది బాబా తాతగారి తుపాకి. కింద ఉన్న మీటను ముందుకు తోసి వెనక్కి లాగితే తూటా మారే రకం. ఎప్పుడో తుర్కుల కాలంలో అమెరికా నుంచి తెప్పించిన వాటిలో ఒకటి, చేతులు మారి మారి ఈ ఇంటికి చేరింది. దానికి సరిపోయే తూటాలు ఇప్పుడు ఎక్కడా చెయ్యరని బాబా చెప్పేవాడు. దాని నడుము భాగమంతా ఇత్తడి.

వెంకటేశ్వరి గహ్వా కూజా తీసుకుని వెళ్లేసరికి అతిథి చేతులకు తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకుంటున్నాడు. లెబనాన్ నుంచి వచ్చిన అర్మేనియన్ ముసలాయన. పేరు హాగోప్. పాత ఆయుధాలు చూసి వెల కట్టడం ఆయన వృత్తి. ఆరేళ్ల కిందట బాబా పిలిస్తే ఇలాగే వచ్చి, తుపాకిని నాలుగు వైపులా ఫోటోలు తీసుకుపోయాడు. అన్నదమ్ముల పంపకంలో అది ఫైసల్ వాటాకు వచ్చింది. కొనడానికి దోహా నుంచి ఒకాయన వస్తున్నాడు. ఆయన పాత తుపాకులు సేకరించే మనిషి. ఆయన వచ్చే ముందు ఒకసారి చూసి కాగితం రాసివ్వమని ఫైసల్ ఈయన్ని పిలిపించాడు.

హాగోప్ తుపాకిని గుడ్డ మీద పెట్టించుకుని వంగి చూశాడు. చూసి, జేబులోంచి చిన్న దీపం తీశాడు. మళ్లీ చూశాడు. దీపం ఆర్పి జేబులో వేసుకున్నాడు.

పదకొండేళ్లలో వెంకటేశ్వరికి అరబ్బీ మాట్లాడటం వంటింటి వరకే వచ్చింది గాని, వింటే మాత్రం ఒక్క ముక్క కూడా జారిపోదు.

"ఇది చూడండి," అన్నాడు హాగోప్, తుపాకి మడమ దగ్గర వేలు పెట్టి. "మీ ముత్తాత దీన్ని నాలుగు వేళ్ల మేర కోయించాడు. ఒంటె జీనులోంచి దూయడానికి అడ్డం రాకుండా. ఈ వెండి కట్లు కూడా ఆయనే వేయించాడు."

"అంటే వెల తగ్గుతుందా?" అన్నాడు ఫైసల్.

"కొంత తగ్గుతుంది. కొట్లోంచి వచ్చినట్టే ఉండాలనే వాడు దీన్ని కొనడు. కానీ ఇది ఎవరు కోశారో, ఎందుకు కోశారో తెలిసిన కోత. వాడుకున్న మనిషి గుర్తు. దోహా ఆయన వస్తున్నదే దీనికోసం." వేలు పైకి జరిగింది. "ఈ గురి చూసే ముక్క మధ్యలో ఎవరో మార్చారు. అదీ పర్వాలేదు. పాతది దొరికితే తిరిగి బిగించవచ్చు. మార్చిన దాన్ని వెనక్కి తేవచ్చు. గీకేసిన దాన్ని తేలేం."

ఫోను తీసి ఆరేళ్ల కిందటి ఫోటో బల్ల మీద పెట్టాడు. అందులో తుపాకి నడుము మగ్గిన ఖర్జూరం రంగులో ఉంది. ఆ నలుపులో ఒక చిన్న ముద్ర, గింజంత నెలవంక, స్పష్టంగా కనబడుతోంది. గుడ్డ మీది తుపాకి మాత్రం పెళ్లింటి బిందెలా తళతళలాడుతోంది. నెలవంక ఉన్నచోట చిన్న మసక.

"ఇత్తడిని పులుపు పెట్టి తోమారు. ఆ తర్వాత ఇనుప పీచుతో రుద్దారు. అంచులు చూడండి, గుండ్రబడ్డాయి. కొయ్యను ఉప్పుకాగితంతో గీకి పైన వార్నిష్ పూశారు. కొయ్య మీది పాత ముద్రలు పోయాయి. ఈ రంగు రావడానికి నూట యాభై ఏళ్లు పట్టింది. పోగొట్టడానికి ఒక పూట పట్టి ఉంటుంది."

పూట కూడా పట్టలేదు, అనుకుంది వెంకటేశ్వరి. రెండు గంటలు.

హాగోప్ ఇక చాలని సైగగా కప్పును ఊపాడు. ఆమె కూజా వంచి మళ్లీ పోసింది. ఆయన తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. వేడి గహ్వా కప్పు నిండి ఆయన తెల్లటి తొడుగు మీదికి కారింది.

"వెల?" అన్నాడు ఫైసల్.

"దోహా ఆయనకు నేనే ఫోన్ చేసి రావద్దని చెప్తాను. తెలిసినవాడు ఎవడూ దీన్ని ముట్టడు. తెలియనివాడికి అమ్మితే మూడో వంతు కూడా రాదు."

"అసలుది ఎత్తుకుపోయి నకిలీది పెట్టారేమో?"

"లేదు. సంఖ్య అదే. తుపాకి అదే." ముసలాయన తొడుగులు విప్పాడు. "ఇద్దరి చేతులున్నాయి దీంట్లో. ఇత్తడి తోమిన వాళ్లకు ఓపిక ఎక్కువ. కొయ్య గీకిన వాడికి తొందర ఎక్కువ."

తలుపు దగ్గర పెట్టె అద్దం పట్టుకుని నిలబడ్డాడు గంగాధర్. వెంకటేశ్వరి అతని వైపు చూడలేదు. అతనూ చూడలేదు.

ఫైసల్ అరవలేదు. అరిచే మనిషి అయితే బాగుండేదని ఆమెకు అనిపించింది. అతను ఆ ఇత్తడి మీద గోటితో మెల్లగా గీస్తూ అడిగాడు. "గంగా, మా నాన్న మంచం పట్టాక ఈ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది?"

"కరుణమ్మ దగ్గర, సార్," అన్నాడు గంగాధర్.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

కరుణమ్మది నరసాపురం వైపు. బాబాకు చివరి రెండేళ్లూ స్నానం, మందులు, పక్క మార్చడం అన్నీ ఆమె చేతి మీదే. ఇప్పుడు ఫర్వానియాలో ఒక క్లినిక్‌లో ఉద్యోగం చూసుకుంది. ఈ ఇంటి నుంచి విడుదల కాగితం మీద ఫైసల్ సంతకం పడితే వెళ్లి చేరడమే. ఆ కాగితం అప్పుడు బల్ల మీదే ఉంది. ఫైసల్ దాన్ని రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆదివారం పొద్దున ఆమెను మఖ్‌ఫర్‌కు తీసుకుపోదాం. నేను అడగను. పోలీసులే అడుగుతారు. ఆ రెండో చెయ్యి ఎవరిదో కూడా వాళ్లే చెప్పిస్తారు."

గదికి వచ్చాక వెంకటేశ్వరి మంచం అంచున కూర్చుంది. రెండేళ్ల కిందటి దసరా ఆమె కళ్ల ముందు ఉంది.

ఆ ఏడు బాబా ఆసుపత్రిలో ఉన్నాడు. మామా, అంటే ఇంటి పెద్దావిడ, చెల్లెలి ఇంట్లో ఉంది. తాళాల గుత్తి గంగాధర్ చేతికిచ్చి పోయారు. అతను కార్లు కడిగి బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. దాన్ని బాబా ప్రతి ఏడూ నవ్వుతూ చూసేవాడు, కార్ల పుట్టినరోజు అనేవాడు. వెంకటేశ్వరి వంటింటి కత్తులు తోమింది, కత్తెర తోమింది. దివానియా ఊడుస్తూ తలెత్తితే గోడ మీద మకిలి పట్టిన తుపాకి. ఊళ్లో అయితే కొడవలి, గడ్డపార, చివరికి కత్తిపీట కూడా తోమి బొట్టు పెట్టే రోజు. తొమ్మిదేళ్లుగా ఈ ఇంటి ఉప్పు తింటూ, ఇంటికున్న ఒక్క ఆయుధాన్ని మకిలితో వదిలేస్తే ఎట్లా? అందులోనూ ఇంటాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు. చింతపండు, ఉప్పు పట్టించి నానబెట్టింది. నలుపు వదలని చోట ఇనుప పీచు పట్టింది. "ఇంత మెరిసేదాన్నా ఇన్నాళ్లూ నల్లగా పెట్టినారు!" అని గంగాధర్ కూడా సంబరపడి, షెడ్డులో మిగిలిన వార్నిష్ డబ్బా తెచ్చి కొయ్య పని తను చేశాడు. బొట్టు పెట్టి, దండం పెట్టి, బొట్టు తుడిచి మళ్లీ గోడకు ఎక్కించారు.

నాలుగో రోజు బాబా ఇంటికొచ్చాడు. కర్ర పట్టుకుని పెట్టె ముందు నిలబడ్డాడు. తెరవమని, ఇత్తడి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు తీయలేదు. "మా దేశంలో మొన్న ఆయుధాల పండగ, బాబా. నేనే శుభ్రం చేసినా," అని ఆమె తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, "బాగుంది బిడ్డా, చాలా బాగుంది," అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు. ఆ సాయంత్రమే పెట్టె తాళంచెవి గుత్తిలోంచి తీయించి కరుణమ్మ మందుల పెట్టెలో పెట్టించాడు. ఆ తర్వాత ఆ పెట్టె మీద ఒక తెర కూడా వేయించాడు, ఎండ తగలకుండా అన్నాడు.

ఆసుపత్రి నీరసం అనుకుంది ఆమె అప్పుడు. ఇప్పుడు తెలుస్తోంది. కొడుకు కంట పడకుండా ఆయన ఆ మెరుపును దాచాడు. దాచింది తుపాకిని కాదు, తమ ఇద్దర్నీ.

"ఆ తాళంచెవి కరుణమ్మ దగ్గరికి ఎందుకు పోయిందో నీకు తెల్దా?" అంది గంగాధర్‌తో.

"అడిగింది ఎవురి దగ్గర ఉన్నిందని. ఉన్నది చెప్పినా."

"ఉన్నదాంట్లో సగం చెప్పినావు."

"గమ్మునుండు మే. చెప్పల్సిన పెద్దాయన మన్నులో ఉండాడు. ఆ యమ్మ ఎట్లా పోయేదే. ఈడ గాకుంటే ఊరికి పోతాది. మనం యాడికి పోతాం? ఇంకొక్క మాట మాట్లాడినావంటే ఇద్దరి ఇఖామాలూ ఖలాస్."

"ఊరికి గాదు పోయేది. మఖ్‌ఫర్‌కు."

అతను కార్ల తాళాలు తీసుకుని బయటికి పోయాడు. షెడ్డులో ఇంజన్ చప్పుడు లేదు. దుమ్ములో ఊరికే నిలబడ్డాడని ఆమెకు తెలుసు.

మరునాడు కరుణమ్మ వంటింట్లోకి వచ్చింది. మామాకు గంజి కాయడానికి గిన్నె పెట్టి, నీళ్లు పోయడం మరచి పొయ్యి వెలిగించింది. వెంకటేశ్వరి గబుక్కున వచ్చి కట్టేసింది.

"చూసావా అక్కా, నా బుర్ర ఎలా పని చేస్తందో," అంది కరుణమ్మ నవ్వబోయి. "పొద్దున ఫైసల్ బాబు పిలిచి పాస్‌పోర్ట్ ఎక్కడుందని అడిగాడు. మీ దగ్గరే కదండీ అన్నాను. తెలుసులే, నీకు గుర్తుందో లేదో చూశానన్నాడు. ఆదివారం తుపాకీ సంగతి పోలీసులు అడుగుతారంట. అలా అన్నాడేంటక్కా?"

వెంకటేశ్వరి గిన్నె కింద పెట్టింది.

"రెండేళ్లు ఆయనకి ఎత్తిపోసాను. ఏనాడన్నా ముక్కు మూసుకున్నానా? తుపాకీ జోలికి నేనెందుకెళ్తాను చెప్పు. నాకది చూస్తేనే బయం. దాని కింద కుర్చీ కూడా వేసుకునేదాన్ని కాదు. మా బ్లెస్సన్‌గాడు రోజూ ఫోను, క్లినిక్‌లో ఎప్పుడు చేరతావమ్మా అని. వాడికేం చెప్పను, పోలీస్టేషన్‌కెళ్లొచ్చి చేరతానని చెప్పనా?"

"ఏడవద్దు కరుణమ్మా."

"ఏడవట్లేదు, ఉల్లిపాయలక్కా," అంది ఆమె. ఆ దరిదాపుల్లో ఉల్లిపాయలు లేవు. "నువ్వన్నా మామాతో ఓ మాట చెప్పక్కా. నీ మాటంటే ఆవిడకి గురి. కరుణమ్మ అలాంటిది కాదని ఒక్క ముక్క చెప్పు చాలు."

"చెప్తాలే," అంది వెంకటేశ్వరి. ఆ మాట నోట్లోంచి వచ్చాక దాని బరువు తెలిసింది.

శుక్రవారం సెలవు. అబ్బాసియాలో గంగాధర్ అక్క ఫ్లాట్‌కు పోయారు. ఆమెను చిన్నా పెద్దా అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. దర్జీ పని చేస్తుంది. ఆ ఫ్లాట్‌లోనే శుక్రవారాలు వాళ్ల వాళ్లంతా కలిసి తింటారు. వెంకటేశ్వరి తమ్ముడు మునీంద్ర అప్పటికే వచ్చి ఉన్నాడు. అతను ఫైసల్ చిన్నాయన ఇంట్లో డ్రైవరు. ఆ వీసా బాబా చెప్పి ఇప్పించిందే.

దుమ్ముకు కిటికీలన్నీ మూసి మధ్యాహ్నమే లైట్లు వేశారు. నేల మీద పాత దినపత్రికలు పరిచి, మధ్యలో సంగటి గిన్నె, మటన్ పులుసు, చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది పెద్దక్క. గంగాధర్ ముందురోజే ఆమెకు ఫోన్లో అంతా చెప్పాడని ఆ వాలకం చూస్తేనే తెలిసిపోయింది.

"కూచో మే. ముందు తిను. ఆకలి మీద ఆలోచన చేయగూడదు," అంది పెద్దక్క.

"అక్కా, నువ్వు తుపాకీ తోమిన సంగతి ఊర్లో తెలిసిందనుకో," అన్నాడు మునీంద్ర, వాతావరణం తేలిక చెయ్యబోయి, "టేషనోళ్లు వాళ్ల తుపాకులన్నీ దసరాకు మనింటికే పంపుతారు. చింతపండు మాత్రం మనదే."

ఎవరూ నవ్వలేదు. అతనే ఒకసారి నవ్వి ఊరుకున్నాడు.

"నేనొకటి చెప్తా వింటావా?" అంది పెద్దక్క, సంగటి ముద్ద కడుతూ. "నిన్ను అబద్ధం చెప్పమని ఎవురూ అనలా. గమ్మునుండమంటాండాం. నోరు మూసుకోవడం అబద్ధం గాదు. ఆ కరుణమ్మ మీద రుజువేముంది? రెండు మాటలు అడుగుతారు, పంపించేస్తారు."

"పోయినేడు ఉంగరం పోయిందని పక్క వీధిలో ఒకామెను రెండు మాటలు అడగడానికే తీసకపోయినారు, వదినా. నాలుగు నెల్లు పట్టింది ఆ రెండు మాటలకు."

"అది ఉంగరం కత. ఇది వేరు."

"వాళ్ల అన్ని ఇండ్లల్లో పనిచేసే వాళ్లను ఫైసల్ ఒక్కొక్కరిగా చూస్తాండాడు," అన్నాడు మునీంద్ర. అతని గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు. "నిన్న మా ఇంటికొచ్చినాడు. కారు బాగా తుడుస్తావా అని నన్ను అడిగినాడు. ఏమేసి తుడుస్తావన్నాడు. ఆడ నిలబడి అన్ని డబ్బాల మూతలూ తీసి వాసన చూసినాడు, బావా."

గంగాధర్ చేతిలోని ముద్ద పులుసులో పడింది. అతను దాన్ని తీయలేదు.

వెంకటేశ్వరి అందరికీ సంగటి పెట్టడం ముగించి, గంటె గిన్నె మీద అడ్డంగా పెట్టింది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని కూర్చుంది. ఇంత నెమ్మదిగా ఆమె చేసే పనికి అడ్డం పోయి లాభం లేదని ఆ ముగ్గురికీ తెలుసు.

"రేపు పొద్దున మామా దగ్గరికి పోతాండా," అంది. "ఇత్తడి తోమింది నేనేనని చెప్తా. ఏమేసి తోమినానో, ఏ పొద్దు తోమినానో అంతా చెప్తా. తాళంచెవి అప్పుడు కరుణమ్మ దగ్గర లేదని గూడా చెప్తా."

"పిచ్చి పట్టిందా మే నీకు?" అంది పెద్దక్క. "ఆ వెల కట్టే ఆయప్ప ఇద్దరి చేతులన్నాడంట గదా. రెండో చెయ్యి ఎవురిదని అడగరా?"

"అడుగుతారు."

"అప్పుడేం చెప్తావు?"

వెంకటేశ్వరి మొగుడి వైపు చూసింది. బుధవారం నుంచి అతని ముఖంలోకి చూడటం అదే మొదటిసారి.

"అబద్ధం చెప్పను. కొయ్య మాట నా అంతట నేను ఎత్తను, అడిగితే దాచను. నేను పోయేది తొమ్మిది గంటలకు. నువ్వు అంతకు ముందు పోయి చెప్పుకుంటావో, నాతో వస్తావో, నేను చెప్పినాక పిలిపించుకుంటావో, అది నీ ఇష్టం."